కాంతమ్మగారు తినని అరటిపండు

మా ఆసుపత్రి గేటు పక్కన పళ్లబండి ఆగుతుంది. మగ్గిన అరటిపళ్ల వాసన మా విభాగం మెట్లదాకా వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. నేను చేసిన తప్పూ, దాన్ని నా చేతే దిద్దించిన కాంతమ్మగారూ ఒక్కసారే గుర్తొస్తారు.

చెన్నైలో చూలై అనే పేటలో ఆవిడది పుస్తకాల బైండింగు షాపు. నేనప్పుడు ఒంగోలు నుంచి చెన్నై వచ్చి పరిశోధన విభాగంలో కొత్తగా చేరాను. పేగుల్లో పుట్టే ఒక అరుదైన కణితి మీద మా పని. న్యూరోఎండోక్రైన్ కణితి అంటారు. చాలాసార్లు మెల్లగా పెరుగుతుంది. కొందరిలో హార్మోన్లు వదులుతుంది. ముఖం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. కాంతమ్మగారికి ఈ రెండూ ఏళ్ల తరబడి ఉన్నాయి. ఒక డాక్టరు గ్యాసన్నాడు, ఒకాయన వయసన్నాడు, ఇంకొకాయన మనసు బాగాలేదని నిద్రమాత్రలు రాశాడు. ఆడమనిషి ముఖం ఎర్రబడితే వీళ్లకు ఇంతకంటే ఏమీ తోచదు కాబోలు!

ఆ హార్మోను జాడ చూసే మా పరీక్షకు ఒక రోజంతా మూత్రం క్యానులో పట్టి తేవాలి. అంతకు మూడు రోజుల ముందునుంచీ అరటిపండు, టమాటా, వంకాయ, అనాసపండు ముట్టకూడదు. తింటే ఫలితం ఉత్తుత్తినే పెరుగుతుంది. కాంతమ్మగారు ఆ క్యానును సంచిలోనైనా పెట్టకుండా, చంకనెత్తుకుని బస్సులో వచ్చారు. నేను గబగబా గుడ్డ కప్పబోయాను.

"ఎందుకు పాపా మూస్తావు? దొంగసొత్తా ఇది? కండక్టరూ అడిగినాడు, ఏందమ్మా అదీ అని. నాకు రోగం ఉండాదనేదానికి సాక్ష్యం నాయనా, తట్టబాక అన్నా."

ఫలితం చాలా ఎక్కువ వచ్చింది. పెద్ద డాక్టరు కాగితం చూసి, "ఇంత ఉండదు. పండేదో తినుంటుంది" అన్నాడు. నేను ఆవిడను అడగనైనా అడగకుండా ఫారంలో 'పథ్యం పాటించలేదు' అన్న గడిలో టిక్కు పెట్టేశాను. ఆ ఒక్క టిక్కుతో ఆవిడ పరిశోధన నుంచి బయటికి. ఇక స్కానూ లేదు, మళ్లీ ఆ గ్యాసు మాత్రలే. తొందరలో జరిగిందని చాలాకాలం చెప్పుకున్నాను. తొందర కాదు, పొగరు. ఆవిడ నోరు కట్టుకోలేకపోయిందని నాకు నేనే తీర్పు చెప్పేశాను.

మర్నాడు సంగతి తెలిసి ఆవిడ నా బల్లకెదురుగా వచ్చి కూర్చున్నారు.

"నేను పండు తింటంటే యాడ చూసినావు పాపా?"

"డాక్టరుగారు అన్నారండీ..."

"ఆయన చూసినాడా?"

నేను ఫారంలో ఆ టిక్కు వైపు చూశాను.

"సెరి. మూడు దినాలు ఈడే, నీ ముందరే తింటా. చూసి రాసుకో. ఇంటికాడ తింటానని అనుమానమా, నువ్వూ రా. తినలా అంటే తినలా, అంతే."

అన్నట్టే వచ్చారు. పూటపూటా డబ్బా తెరిచి ముందు నాకు చూపించేవారు: ఇడ్లీ, పెరుగన్నం, టమాటా వేయని మిరియాల చారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆవిడ తినడం ఆపలేదు. రెండో రోజు తింటూ తింటూ ముఖం కందిపోయి చెమటలు పట్టాయి. "ఇదీ రాయి. టైము కూడా వెయ్యి" అన్నారు. రాశాను. ఆ సాయంత్రమే పాత ఫారం మీద నా టిక్కు కొట్టేసి, పక్కన 'రోగిని అడగకుండా పెట్టాను' అని రాసి సంతకం చేశాను. పెద్ద డాక్టరు మండిపడ్డాడు. పడనీ అనుకున్నాను, ఉద్యోగంలో మొదటిసారి.

మూడు రోజులయ్యాక మళ్లీ క్యాను పట్టి తెచ్చారు. రెండోసారీ ఫలితం అంతే వచ్చింది. స్కానులో చిన్నపేగు చివర కణితి, కాలేయంలో మచ్చలు కనిపించాయి. ఆపరేషనుకు తీసుకెళ్తుంటే నన్ను దగ్గరికి పిలిచి, "చూసినావా పాపా, ఉండింది" అన్నారు. ఆ గొంతులో భయంకన్నా గెలుపే ఎక్కువ. నెలనెలా ఇంజెక్షను వేయించుకుంటూ ఇంకో ఆరేళ్లు షాపు నడిపారు. పోయిన ఏడాది పోయారు. ఇంకొన్నేళ్ల ముందే ఎవరైనా నమ్మి ఉంటే ఇంకా బతికుండేవారేమోనని ఆ డాక్టర్ల మీదా, నా మీదా కూడా నాకు కోపం. ఆ కోపం తగ్గాలని నేను కోరుకోవడం లేదు.

ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పేది నేనే. మొన్న ఒకమ్మాయి ఎక్కువ వచ్చిన ఫలితం పట్టుకొచ్చి, "ఏదో తినుంటారు మేడమ్, తీసేద్దామా?" అంది.

"అడిగావా?"

"లేదు."

"వెళ్లి అడుగు. తినలేదంటే తినలేదనే రాయి. మళ్లీ పరీక్ష చేయిద్దాం."

బయట వరండాలో ఇంకొకావిడ క్యానును కొంగు కింద దాచుకుని, తల వంచుకుని కూర్చుంది. నేను వెళ్లి దాన్ని అందుకున్నాను. పైన ఏమీ కప్పకుండా, చంకనెత్తుకుని, అందరి మధ్యనుంచీ ల్యాబుకు నడిచాను.