కల్వర్టు అవతల ఆగిన అంబులెన్స్

అక్కన్నపేట నుంచి మా ఊరికొచ్చే తొవ్వల కల్వర్టు వానలకు కొట్టుకపోయింది. దాని జాగల మట్టి పోసిన్రు. ఆ మట్టి మీద బస్సు నడవదన్నరు, బందయింది. అప్పటిసంది మా ఊరోళ్లు ఎక్కడికి పోవాలన్నా నా జీపే. కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, సిద్దిపేట దవాఖానకు పోయే ముసలోళ్లు, అందరు అండ్లనే.

ఆ మట్టి తొవ్వల్నే నా జీపు ఇరుసు ఇరిగింది. సామాను దొరికి, పైసలు జమయ్యేదాక నెలలకొద్ది షెడ్డుల్నే పడున్నది. బాగైన వారానికే సిద్దిపేటల అడుగు పెట్టంగ ఆర్టీవో ఆఫీసోళ్లు ఆపిన్రు.

"టాక్స్ కట్టలేదేంది?" అన్నడు సారు.

"బండి షెడ్డుల ఉండె సార్. నడవనే లేదు."

"నడవకున్నా కట్టాలె. నడుపుతలేనని ముందుగాల ఆఫీసుల రాసియ్యాలె. ఇచ్చినవా?"

 గట్ల రాసియ్యాల్నని నాకెవ్వలు చెప్పలే. రోడ్డు బాగలేక ఇరిగిన బండి, ఇరిగి నిలవడ్డ నెలలకు రోడ్డు టాక్స్ బాకీ పడ్డదన్నట్టు. ఎట్ల అర్థం చేసుకోవాల్నో నాకు తెలుస్తలేదు. సారు తాళాలు తీసుకున్నడు. నా బండిల ఉన్నోళ్లంత గంపలతోని రోడ్డు మీద దిగిన్రు. ఒక అవ్వ నన్ను అడగలే, సారునే అడిగింది.

"మాపటికి ఇంటికెట్ల పోవాలె బిడ్డా?"

సారు తాళాలు జేబులేసుకొని ఇంకో బండిని ఆపిండు.

తెల్లారి మా అమ్మ మెడల బంగారు గుండ్లు కుదువ పెట్టి టాక్స్, జుర్మానా కడదామని ఆఫీసుకు పోయిన. రశీదు చేతికొచ్చిందో లేదో ఫోన్ మోగింది. నా భార్య.

"మీ చెల్లెకు నొప్పులు మొదలైనయి. అంబులెన్స్ వచ్చింది గని, రాత్రి వానకు మట్టి జారింది. కల్వర్టు అవతల్నే నిలవడ్డది. ట్రాక్టర్ల ఎక్కిస్తున్నం."

తొల్సూరు కాన్పుకని మా చెల్లె పుట్టింటికొచ్చి ఉన్నది. నెలలు ఇంకా నిండలే.  బండి ఇడువాల్నంటే సారు సంతకం కావాలన్నరు. నేను గొంతు పెంచి ఒర్రిన. అందరి ముందర ఎన్నడు ఒర్రనోణ్ణి, ఆనాడు ఒర్రిన. నిన్నటి సారే లోపల్నుంచి బయటికొచ్చి ఏమైందన్నడు. చెప్పిన. ఆయన మొఖం తెల్లబోయింది. నిలవడ్డకాడనే సంతకం పెట్టి, "పో, జల్ది పో" అన్నడు.

జీపు గేటు దాటకముందే మల్ల ఫోనొచ్చింది. మా చెల్లె ట్రాక్టర్ వెనక డబ్బాల్నే కన్నది. బురదల టైర్లు దిగబడి ట్రాక్టర్ కదలకుంటే, ఆడోళ్లు చీరెలు అడ్డం పట్టిన్రట. బొడ్డు కోసేటందుకు అంబులెన్సుల నర్సు బురదల నడుసుకుంట వచ్చిందట. పుట్టింది ఆడపిల్ల.

తల్లీబిడ్డల అంబులెన్సుల సిద్దిపేట దవాఖానకు తెచ్చిన్రు. నేను లోపలికి పోయేసరికి చెల్లె మంచం మీదున్నది. జుట్టు నిండ ఎండిన మన్ను. పిల్ల ఊపిరాడుతున్నది, గాజుపెట్టెల పెట్టిన్రు. చెల్లె నన్ను చూసి మెల్లగ అడిగింది.

"అన్నా, జీపిచ్చిన్రా?"

నాకు ఏడ్పాగలే.

పిల్ల గట్టిపడ్డంక, అర్జీలు తీసుకునే సోమారం పూట ఊరోళ్లమంత కలిసి కలెక్టరాఫీసుకు పోయినం. చెల్లె పిల్లనెత్తుకొని నా పక్కన నిలవడ్డది. నేను ఒక్కటే అడిగిన.

"సార్, మేము కట్టే బండ్ల టాక్సుల మా తొవ్వకు ఎంతొస్తది?"

అక్కడ కుర్చీల ఉన్న పెద్దసారు మర్యాదగనే చెప్పిండు. "అట్ల ఊరి పేరు మీద లెక్కుండదు నాయినా. అన్నీ ఒక్క కాడికే పోతయి. ఎక్కడికి మంజూరయితే అక్కడ పని."

 ఇన్నేండ్లు కట్టింది మా తొవ్వకేననుకున్న. మా వెనకాల ఉన్న రైతు ఒకాయన, "మాకెప్పుడు మంజూరయితది మరి?" అన్నడు. పెద్దసారు పిల్ల దిక్కు చూసి, కాయిదం మీద ఏందో రాసిండు.

మల్లొచ్చే వానలకు ముందు కల్వర్టు జాగల పెద్ద పైపులేసి పైన కాంక్రీటు పోసిన్రు. బస్సు గురించి చూస్తమన్నరు, ఇంకా చూస్తనే ఉన్నరు. నేను టాక్స్ ఆలస్యం చేస్తలేను. మా చెల్లె మాత్రం పుట్టింటికొచ్చినప్పుడల్ల గా కల్వర్టు కాడ జీపు ఆపమంటది. బిడ్డనెత్తుకొని దిగి, ట్రాక్టర్ దిగబడ్డ ఆ ముక్క తొవ్వ నడిచే దాటుతది. ఎందుకని నేనడగ. బండి మెల్లగ ఆమె వెనకాల పోనిస్త.