దారికి అడ్డంగా పెట్టిన కొమ్మ

ఆ రోజు గుట్ట మీద పాప తప్పిపోవడానికి కారణం నేనే. ఆ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆకు రాలే కాలం చూద్దామని నేను, నా భార్య, చిన్న పాప రేగొండ దగ్గరి గుట్టలకు వెళ్లాం. ఎర్రబారిన టేకాకులు రాలి కాలిబాటను కప్పేశాయి. బాట చీలిన చోట ఒకవైపు అడ్డంగా పచ్చికొమ్మ ఉంది. అటు పోవద్దని అడవికి పోయేవాళ్లు పెట్టే గుర్తు అది. వచ్చేటప్పుడు పాపకు ఆ సంగతి నేర్పింది నేనే. అయినా ఫోటోకు అడ్డమని కొమ్మ తీసి పక్కన పడేశాను. మళ్లీ పెట్టలేదు.

సద్ది విప్పేసరికి పాప లేదు. పిలిస్తే మా గొంతులే తిరిగి వచ్చాయి. ఆకులు గలగలమన్న ప్రతిసారీ పాపే అనుకున్నాం. గాలి. చివరికి నేను కొమ్మ తీసేసిన బాట వెంటే పరుగెత్తాను. ఆకులు కప్పిన బండ అంచున, లోయకు రెండడుగుల ఇవతల, పాప కూర్చుని ఆకులు ఏరుకుంటోంది.

"గిటెందుకు వచ్చినవ్ బిడ్డా?"

"గిటు కొమ్మ లేదు గదా నాయినా."

ఎత్తుకుని గబగబా బాట మీదికి వచ్చాను.

ఇంటికొచ్చాక మా అమ్మ నా భార్యను నిలదీసింది. "పిల్ల చెయ్యి ఎట్ల ఇడిసినవ్? జర సోయి ఉండొద్దా?" నా భార్య నా వైపు చూసింది. నేను చెప్పులు విడుస్తున్నట్టు వంగాను.

ఇప్పుడు పెద్దదైన పాప మొన్న స్నేహితులతో అదే గుట్టకు పోతానంది. "నన్నడగకు. నేను చెయ్యి ఇడిసేదాన్ని" అంది నా భార్య.

అమ్మ ఎదురుగా నిలబడి చెప్పాను. "కొమ్మ తీసింది నేనే అవ్వా." తర్వాత నా భార్య వైపు తిరిగాను. "నిన్ను అంటుంటే ఊకున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి."