దుప్పట్లు పంచిన రోజు ఇంగ్లీషు

ధామన్కర్ నాకా దుకాణంలో సేటు కొత్త దుప్పటి విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కనేరిలో నేను చదివిన చూపులేని పిల్లల బడి గుర్తొచ్చింది.

అక్కడ దాతలు వస్తున్నారంటేనే ఇంగ్లీషు క్లాసు. టీచరమ్మ మా చేతులు చాపించి, "జోర్‌సే అనుండ్రి, థాంక్యూ సర్!" అనేది. మంచినీళ్లు అడగడానికి మాత్రం ఒక్క మాటా నేర్పలేదు. ఎవరైనా ఏదైనా ఇచ్చినప్పుడు మాట్లాడే భాషే ఇంగ్లీషని నేను అనుకునేదాన్ని.

ఒకసారి దుప్పట్లు పంచారు. అందరికంటే గట్టిగా అరిచి తెచ్చుకున్నాను. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బాపు అంచులో ఉన్న పచ్చపోగు చూసి గుర్తుపట్టాడు.

"గిది మా సాంచాల మీద నేసిందే బిడ్డా."

"అయితే నీకు గూడ థాంక్యూ సర్ అనాల్నా బాపూ?"

బాపు నవ్వాడు. "నేసినోన్ని సర్ అని ఎవలంటరే, పిచ్చిదానా!"

నేనూ నవ్వాను. అప్పుడది నాకు జోకే.

ఆ చదువు బాగానే ఒంటబట్టింది. ఇవాళ నా జీతంతో కొనుక్కుంటున్న దుప్పటిని సేటు అందించబోతే, నా చేతులు రెండూ వాటంతటవే చాచుకున్నాయి. నోరు గట్టిగా "థాంక్యూ సర్" అంది.