ఆడపిల్లల్ని తీసుకోరని అన్నది నేనే

తొమ్మిదేళ్ళు ఒక అబద్ధాన్ని మోశాను. చిన్న అబద్ధమే. ఒక్క వాక్యం. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను.

యాంగోన్‌లో ఒక యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో పనిచేస్తాను. ఆఖరి సంవత్సరం పిల్లల్ని నెల రోజుల ఫీల్డ్ ట్రైనింగ్‌కి పంపే పని నాది. ఫారాలు నింపించడం, విభాగం పెద్దసారు చేత సంతకం పెట్టించడం, గడువులోగా పంపడం. అందరూ కోరుకునేది డెల్టాలో మడ అడవుల మధ్యనున్న చేపల పరిశోధన కేంద్రం. ఏడాదికి నలుగురికే చోటు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ నలుగురిలో మొదటి పేరు పార్వతిది. ఈ ఊళ్ళోనే రేవు పక్కనున్న అహ్లోన్ పేట పిల్ల. వాళ్ళ తాత రేవులో బస్తాలు మోసినవాడు. మా తాతా అంతే. క్లాసులో బర్మా భాషే మాట్లాడేది గానీ నా దగ్గరకొస్తే మన తెలుగే. ఆమె ఫారం మీద ఫోటో లేదు. అతికించమని చెబుదామని హాజరు పట్టీలో పెట్టాను. మరిచిపోయాను. మళ్ళీ కంటపడేసరికి గడువు దాటి మూడు రోజులైంది.

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేదేమో. చెయ్యలేదు. ఉద్యోగం అప్పుడే పర్మనెంటయింది, పెద్దసారుకి తెలిస్తే ఏమంటారోనన్న భయం. భయం ఒక్కటేనా? నా విద్యార్థి ముందు తప్పు చేసినదానిలా నిలబడటం నామోషీ అనిపించలేదూ?

జాబితా అంటించిన రోజు ఆమె వచ్చింది.

"సయామా, నా పేరు లేదేటి?" ఇక్కడ టీచరమ్మని సయామా అంటారు.

"ఈ ఏటి నుంచి అక్కడ ఆడపిల్లల్ని తీసుకోరంటమ్మా."

"అలగా?" కాసేపు జాబితా వైపే చూసింది. "ముందే తెలిస్తే ఇంట్లో చెప్పకపోదును."

అంతే. నన్ను అనుమానించను కూడా లేదు. చిమిండైంగ్ మార్కెట్టు దగ్గర చేపలు దాచే ఐసు గోడౌన్‌లో ఆమెకి చోటు చూశాను. నెల రోజులు చచ్చిన చేపల్ని కొలిచి, రిపోర్టు చక్కగా రాసి ఇచ్చింది. ఆమె ఫారం నేను చించేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. పార్వతి తన తర్వాతివాళ్ళకి చెప్పింది, వాళ్ళు ఆ తర్వాతివాళ్ళకి. మరుసటేడు ఏ ఆడపిల్లా ఆ కేంద్రం ఫారం అడగలేదు. కరోనాకీ గొడవలకీ కాలేజీ మూతపడిన ఏళ్ళు తీసేసినా, మిగిలిన ప్రతి ఏడూ అంతే. ఒకసారి మీటింగులో పెద్దసారే అన్నారు, అక్కడ ఆడపిల్లల్ని తీసుకోరు కదా అని. నేను తలూపాను. తను చెప్పిన అబద్ధం రూలై తిరిగొస్తే తలూపిన మనిషిని ఏమనాలి?

ఈ ఏడు ఒక అమ్మాయి నిలదీసింది, ఆ రూలు ఎక్కడ రాసుందని. మర్నాడు చెబుతానన్నాను. ఆ మధ్యాహ్నమే కేంద్రానికి ఫోన్ చేశాను. ఎత్తింది అక్కడి అధికారి. ఆడమనిషే. మీ అమ్మాయిలు రావడం ఎందుకు మానేశారని ఆవిడే నన్నడిగింది.

మర్నాడు క్లాసులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత పెద్దసారుకి చెప్పాను. నన్నేం చెయ్యాలో ఆయన ఇంకా తేల్చలేదు.

ఆదివారం అహ్లోన్ వెళ్ళాను. పార్వతి ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకి సైన్సు ట్యూషన్ చెబుతోంది. అంతా వింది. పొమ్మనలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే నా బరువు కూడా ఆమె నెత్తినే పెట్టినట్టు కాదూ? నేను లేచేటప్పుడు ఒక్కటే అడిగింది, చదువైపోయినవాళ్ళని కూడా అక్కడ తీసుకుంటారా అని. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. సోమవారం కేంద్రానికి ఉత్తరం రాసి, దాని కాపీ ఆమెకి పంపాను.

ఈ వారం ముగ్గురమ్మాయిలు డెల్టాకి పడవెక్కారు. దానితో నేను చేసింది మాసిపోదు, ఆ మధ్య ఏళ్ళలో అడగకుండానే ఆగిపోయిన పిల్లలెందరో నాకు ఎప్పటికీ తెలీదు. కానీ ఆ మాట అన్నది నేనేనని ఇప్పుడు నా క్లాసు పిల్లలకి తెలుసు. పార్వతికి తెలుసు. మీకూ తెలుసు.