పార్కుకు ముఖం చాటేసిన రోజులు

బెంగాల్లో మేముండే మలంచాలో మా ఇంటి వెనక చిన్న పార్కు ఉంది. మా ఆయన రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సాయంత్రాలు ఇద్దరం అక్కడే గడిపేవాళ్లం. ఆ రోజు ఆడపిల్లలు తాడాట ఆడుతూ, "దిదా, నువ్వూ ఎగురు!" అని నన్ను లాగారు. బెంగాలీ పిల్లలందరికీ నేను దిదానే, అమ్మమ్మనే. నవ్వుతూ ఎగిరానో లేదో, చీర తడిసిపోయింది.

అంతకుముందు దగ్గినప్పుడు ఒక చుక్క మూత్రం పడేది. వయసు అనుకుని ఊరుకున్నాను. ఈసారి కాళ్ల వెంట కారింది. ఒక పిల్ల కిందికి చూసి, నా ముఖం చూసి, తాడు తిప్పడం ఆపేసింది. "పొయ్యి మీద పాలున్నాయి" అని గొణిగి, కొంగు వెనక్కి కప్పుకుని వచ్చేశాను.

మర్నాటి నుంచి వెళ్లలేదు.

"ఏటైందే నీకు? పార్కుకి రావేటి?" అనేవారు మా ఆయన.

"మోకాళ్లు లాగేత్తన్నాయండి."

పాత చీరలు చింపి మడతలు పెట్టుకునేదాన్ని. ఆయన బజారుకెళ్లినప్పుడు ఉతికి, మంచం కింద ఆరేసేదాన్ని. నీళ్లు తాగడం తగ్గించాను. కొన్నాళ్లకు మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి.

అప్పుడు స్వప్న మా ఇంటికి వచ్చింది. వరంగల్ అమ్మాయి. భర్తకు ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం. పార్కులో తన పాపను నా ఒళ్లో వేసి నడకకు వెళ్లేది.

"ఏమైంది పెద్దమ్మా, పార్కుకు వస్తలేరు?" అంటూ పాపను అందించబోయింది.

"వద్దు తల్లీ, నా కాడ వాసనొస్తాది" అనేసి, ఏడుస్తూ అంతా చెప్పాను.

స్వప్న లేచి తలుపు దగ్గరగా వేసింది. "పాప పుట్టినంక నాకు గూడ గిట్లనే అయింది. తుమ్మితే చాలు. సిగ్గుతోని ఎవ్వలకు చెప్పలే. రేపు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోదాం."

డాక్టరమ్మ యూరిన్ కల్చర్, అల్ట్రాసౌండ్ రాసింది. బల్ల మీద పడుకోబెట్టి దగ్గమంది. దగ్గగానే తడిసింది. చేతులతో ముఖం కప్పుకున్నాను.

"మాసీమా, ఇది స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్. దగ్గినా, ఎగిరినా మూత్రం ఆగదు. నీళ్లు మానేస్తే ఇన్ఫెక్షన్ రాదా మరి?" అంది హిందీలో, నన్ను పిన్నీ అని పిలుస్తూనే. యాంటీబయాటిక్ ఇచ్చి, కింది కండరాలు బిగించి వదిలే పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులు చేయమంది.

చేశాను. ఏమీ తగ్గలేదు. విసిగి మానేస్తే స్వప్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్లింది. "పొట్ట బిగిస్తున్నారు. బిగించాల్సింది మూత్రం ఆపుకునే కండరాలు" అందావిడ. మళ్లీ మొదలుపెట్టాను. పార్కు బెంచీ మీద నేనూ స్వప్నా పక్కపక్కనే కూర్చుని, పిల్లల ఆట చూస్తున్నట్టే ఉండి, కండరాలు బిగించి వదిలేవాళ్లం.

ఇప్పుడు చాలా నయం. పూర్తిగా పోలేదు, సంచిలో ప్యాడ్ ఉంటుంది. మా ఆయనకు చెప్పాను. "నాకు సెప్పడానికేటే సిగ్గు?" అని ఆయనే తల దించుకున్నారు. నా సిగ్గూ పోలేదు. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

మీకూ ఇలా అవుతుంటే నీళ్లు మాత్రం మానకండి, డాక్టరుకు చూపించండి. నోరు పెగలకపోతే ఒకరిని తోడు తీసుకెళ్లండి. మీ కూతురి వయసు పిల్లయినా సరే, ఆమెకూ ఒక తోడు కావాలేమో.