యాదమ్మ చేతి మక్కగారెలు

మా బడివాళ్ళు ఈమధ్య వార్షికోత్సవ సంచిక వేశారు. అందులో ‘సమాజ సేవలో మన విద్యార్థులు’ అని ఒక పేజీ ఉంది. ఒక పాత ఫోటోలో పిల్లలున్నారు, ప్రిన్సిపల్ మేడమ్ ఉన్నారు, ఆ పనికి ఒక్కనాడూ రాని లెక్కల మాస్టారు కూడా ఉన్నారు. నన్ను మాత్రం మోచేతి దాకా కత్తిరించారు. ఆ మోచెయ్యి నాదేనని మా ఆవిడ గుర్తుపట్టింది. ఇలాంటివి నేను మరిచిపోయే రకం కాదు. సిలబస్ మిగిలిందని నా ఆటల పీరియడ్‌ను ఏ ఏడాది ఎవరు లాక్కున్నారో ఇప్పుడడిగినా చెబుతాను. అయితే ఈ వ్యాసం నా మోచెయ్యి కోసం రాయడం లేదు. ఆ పేజీలో ఉండాల్సిన ఇంకో మనిషి ఉంది. ఆమె సంగతి ఏళ్ళ తరబడి అడుగుతున్నాను. స్టాఫ్ మీటింగులో అడిగాను, కాగితం మీద రాసిచ్చాను, రిటైరయ్యాక కూడా వెళ్ళి అడిగాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అది 2022. కరోనా తర్వాత బడులు మళ్ళీ గాడిలో పడిన ఏడాది. మాది నాచారంలో చర్చి ఆవరణలోనే ఉన్న క్రైస్తవ ఉన్నత పాఠశాల. నేను అక్కడ పి.ఇ.టి.ని, అంటే డ్రిల్ మాస్టారిని. శనివారం చివరి రెండు పీరియడ్లను సర్వీస్ పీరియడ్ అనేవాళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టుపక్కల బీదపిల్లల కోసం ఏదైనా పని చేయాలి. మార్కులు లేని పని కాబట్టి నాకు అప్పగించారు.

నాచారం నుంచి ఉప్పల్ వైపు పోతుంటే ఫ్యాక్టరీల గోడ వెనక ఒక బస్తీ ఉంది. మగవాళ్ళు గోదాముల్లో మూటలు మోస్తారు, ఆడవాళ్ళు ప్యాకింగ్ కంపెనీలకు పోతారు. మధ్యలో రేకుల కమ్యూనిటీ హాలు. మా పిల్లలను వరుసగా నిలబెట్టి, రోడ్డు దాటించి, అక్కడికి నడిపించుకుపోయేవాణ్ణి. బడి పెట్టిన నియమాలు రెండే. బస్తీలో మతం మాట ఎత్తకూడదు. అక్కడ ఏదీ తినకూడదు, తాగకూడదు, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటిది సబబైనదే. రెండోది కరోనా భయంతో పెట్టింది కదా అని నేనూ ఊరుకున్నాను.

మొదట్లో అంతా గోళ్ళ పనే. బస్తీ పిల్లల చేతులు చూస్తే అక్షరాల కన్నా ముందు గోళ్ళు కత్తిరించాలని ఎవరికైనా అనిపిస్తుంది. నెయిల్ కట్టర్ చూడగానే అక్షిత అనే చిన్నపిల్ల బల్ల కింద దూరింది. మా కెజియా, ఉప్పల్‌లో ఆటో నడిపే ఆయన కూతురు, తనూ బల్ల కిందికి దూరి చెయ్యి చాపింది.

“ముందుగాల నాది నువ్వు కత్తిరియ్యి. నొస్తదేమో నేను చెప్త.”

అక్షిత ఎంతో జాగ్రత్తగా ఒక గోరు కత్తిరించింది. ఆ తర్వాత తన చేతులు రెండూ ఇచ్చేసింది. ఆ రోజు నుంచి కెజియా ఎటు పోతే అటే.

మేం వాళ్ళకు బిస్కెట్లు పంచేవాళ్ళం. తినేముందు కళ్ళు మూసుకోవడం మా పిల్లలకు ఇంట్లో అలవాటు. బిస్కెట్లు చేతికిచ్చేటప్పుడు కూడా ఆ అలవాటు కొద్దీ ఒక్క క్షణం కళ్ళు మూసేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే బస్తీ పిల్లలూ మూయసాగారు. ఒకరోజు అక్షిత ఫిర్యాదు తెచ్చింది.

“అక్కా, నేను కండ్లు మూస్తే రాజుగాడు నా బిస్కెట్ గుంజుకుంటుండు.”

“అయితే నువ్వు మూయకు.”

“మరి నువ్వు మూస్తవ్ గద. నీది ఎవరన్న గుంజుకపోతే?” అని, కెజియా కళ్ళు మూసినంతసేపూ తను కాపలా ఉంటానంది.

అక్షిత వాళ్ళమ్మ యాదమ్మ. ప్యాకింగ్ కంపెనీలో పని, శనివారం మధ్యాహ్నానికే ఇంటికొచ్చేది. మొక్కజొన్న కంకులు బాగా దొరికే వానాకాలం. ఒకరోజు ఆమె స్టీలు డబ్బా నిండా మక్కగారెలు పట్టుకుని హాలుకొచ్చింది. మూత తీస్తే అల్లం, పచ్చిమిర్చి వాసన హాలంతా పాకింది. మా పిల్లలు నా మొహం చూశారు. నేను రేకుల కప్పు వైపు చూశాను.

“కడుపు నిండిపోయింది ఆంటీ,” అన్నాడు జోయెల్ అనే అబ్బాయి. పొద్దున్నుంచి గ్రౌండులో ఆడి ఆకలితో ఉన్నవాడు.

తర్వాతి శనివారం మళ్ళీ తెచ్చింది. మళ్ళీ అదే మాట. ఆమె డబ్బా మూత పెట్టి, పిల్లలను వదిలేసి నా దగ్గరికొచ్చింది.

“సారూ, ఒక మాట అడుగుత. మీ పిల్లలు మా పిల్లల ముక్కులు తుడుస్తున్నరు, గోర్లు తీస్తున్నరు. మరి మేం పెడితే ముట్టరేంది?”

“బడి రూలు అమ్మా.”

“ఎవలు పెట్టిన్రు?”

“మా పెద్దమేడమ్.”

“ఆమెకు ఎవలు పెట్టిన్రు?”

ఆమె డబ్బా చంకన పెట్టుకుంది.

“మీరు ఇచ్చుడే గని మా తాన తీసుకునుడు లేదు. గిట్లయితే మేం మీకేమైతం? వచ్చే వారం నా బిడ్డను పంప. ఫికర్ చెయ్యకున్రి, మీకు ఒక పని తప్పుతది.”

అవమానం మనసులో పెట్టుకునే మనిషిని చూడగానే నేను గుర్తుపడతాను. ఈమె నా కోవ మనిషి అనిపించింది. సోమవారం ప్రిన్సిపల్ మేడమ్‌తో చెప్పాను.

“చూద్దాం మాస్టారూ. ఏ పిల్లాడికైనా వాంతులైతే తల్లిదండ్రులు నన్ను కదా అడుగుతారు,” అన్నారు ఆవిడ. ఆ మాటలో న్యాయం లేదని నేననను. కానీ ‘చూద్దాం’ అన్నవారు ఆ తర్వాత చూడలేదు.

శనివారం అక్షిత రాలేదు. కెజియా కాసేపు గుమ్మం వైపు చూసి నా దగ్గరికొచ్చింది.

“సార్, నేను వాళ్ళింటికి పోయి తినొస్త. మీరు తిడితే తిట్టండి.”

“రూలు తెలుసు కదా.”

“తెలుసు సార్. మా నాయనమ్మకు వాళ్ళ ఊళ్ళె చాయ్ దుకాణంల గ్లాసు వేరేగ పెడుతుండెనట. బయట కడిగి గోడ మీద పెట్టి రావాలె. ఆమె ఇప్పటికీ బయట చాయ్ తాగదు. నేను ఈ ఆంటీని వద్దంటే అది మళ్ళ గట్లనే గద సార్.”

నేను విజిల్ జేబులో పెట్టుకుని ఆమె వెంట నడిచాను. మిగతా పిల్లలూ వచ్చారు. యాదమ్మ గుమ్మంలో కూర్చుని కంకులు ఒలుస్తోంది. కెజియా వెళ్ళి పక్కనే కూర్చుంది.

“ఆంటీ, ఆకలైతుంది.”

యాదమ్మ తలెత్తలేదు. “మీ కడుపులు నిండిపోయినయ్ గద.”

“అబద్ధం చెప్పినం.”

“చర్చి బడి పిల్లలు అబద్ధాలు గూడ చెప్తరా?” అంటూనే ఆమె లేచి పొయ్యి వెలిగించింది. మా పిల్లలు వరసపెట్టి ఎంత తిన్నారంటే, నూరిన పిండి అయిపోయి పక్కింటి నుంచి మళ్ళీ కంకులు తెచ్చారు. జోయెల్ ఆపకుండా తింటుంటే యాదమ్మ నన్నడిగింది, “ఈ పిలగానికి ఇంట్ల పెడుతలేరా సారూ?” నవ్వీ నవ్వీ వాడికి పొలమారింది. ఆమే వాడి నెత్తి మీద తట్టి, తన చెంబులో నీళ్ళు తాగించింది.

తర్వాత వచ్చిన శనివారాలను నేను ఇప్పటికీ ఒక్కొక్కటిగా తలచుకుంటాను. హాలు ఖాళీగా ఉండేది, మేమంతా ఆ సందులోనే. మా పిల్లలు గుమ్మాల ముందు కూర్చుని చదువు చెప్పేవాళ్ళు, తల్లులు పక్కన కూర్చుని వినేవాళ్ళు. కెజియాకు కంకి ఒలవడం రాదని యాదమ్మ ఎగతాళి చేసేది, నేర్పేది. ఒకరోజు వాన పడుతుంటే అక్షిత కెజియా ఒళ్ళో నిద్రపోయింది. బడికి తిరిగిపోయే వేళయినా ఎవరూ లేవలేదు, నేనూ విజిల్ వేయలేదు. ఆ వాన చప్పుడు, ఆ పొయ్యి పొగ, ఆ పిల్లల గోల మళ్ళీ ఒక్కసారి దొరికితే చాలు, నా సన్మానాలూ ఫోటోలూ ఎవరికి కావాలో వాళ్ళే తీసుకోవచ్చు.

వానలు తగ్గుముఖం పట్టే ముందు జోయెల్‌కు జ్వరం వచ్చింది. దవాఖానాలో చేర్చారు. ఏం తిన్నావని వాళ్ళ నాన్న అడిగితే, వాడు నిజం చెప్పాడు, మక్కగారెలని. ఆయన బడికొచ్చి కేకలేశాడు. అదే రోజు సర్వీస్ పీరియడ్ రద్దయింది. మేడమ్ కెజియాను పిలిచి రూలు ఎందుకు తప్పావని అడిగారు.

“పిలిచినోళ్ళ ఇండ్లల్ల యేసయ్య కూసొని తిన్నడని సండే స్కూల్ల మీరే చెప్పిన్రు గద మేడమ్,” అంది ఆ పిల్ల. మేడమ్ ఆమెను క్లాసుకు వెళ్ళమన్నారు.

రెండు రోజులకు రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. డెంగీ దోమకాటుతో వస్తుంది, గారెలతో రాదు. ఈ మాట మా బడి గోడ మీదే రంగు రంగుల బొమ్మలేసి రాయించారు. జోయెల్ కోలుకుని గ్రౌండులో పరిగెత్తాడు. వాళ్ళ నాన్న నా దగ్గరికొచ్చి, “తొందరపడ్డాను సార్” అన్నాడు కూడా. అయినా శనివారాలు మళ్ళీ మొదలు కాలేదు. ఇప్పుడు ఏటా క్రిస్మస్‌కు వ్యాన్‌లో పిల్లలు ఆ బస్తీకి పోతారు. బహుమతులు పంచుతారు, ఫోటో దిగుతారు, కాళ్ళకు మట్టి అంటేలోపే తిరిగొస్తారు.

ఆ రోజుల్లోనే నేను యాదమ్మ దగ్గరికి వెళ్ళి, జోయెల్ జ్వరం సంగతి, పిల్లలు ఇక రారన్న సంగతి చెప్పాను.

“నా గారెలతోనే అయిందా సారూ ఆ బాబుకు?”

“కాదమ్మా. డెంగీ. దోమ కుట్టి వచ్చింది.”

“నువ్వు నన్ను సముదాయిస్తున్నవ్. గారెలతో గాకుంటే మళ్ళ ఎందుకు రారు?”

ఎన్నిసార్లు వెళ్ళినా ఆమె అదే ప్రశ్న దగ్గర ఆగుతుంది. నేను ఎన్ని చెప్పినా పిల్లలు రాకపోవడమే ఆమెకు రుజువు. దగ్గరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికితే వద్దంది. పిల్లలకు వండే చెయ్యి నాది కాదంది. బస్తీలో అంత బాగా వండే మనిషి ఇంకొకరు లేరు.

కెజియా ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పోయిన వేసవిలో తనంతట తానే యాదమ్మ ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

“ఆంటీ నన్ను కుర్చీల కూసోబెట్టింది సార్. అక్షితను దుకాణానికి పంపి సీల్ ఉన్న నీళ్ళ సీసా తెప్పించింది. చెంబుల నీళ్ళు ఇయ్యమంటే ఇయ్యలే. ‘నీకేమన్న అయితే నేను బతుకుతనా బిడ్డా’ అంటుంది.”

ఇన్నేళ్ళు పిల్లలకు బంతి ఆటలు నేర్పాను. ఒకరు విసురుతూనే ఉండి, ఎదుటివారు విసిరింది పట్టుకోకపోతే దాన్ని ఆట అనరు. సేవ కూడా అంతేనని నాకు నేర్పింది బైబిలు క్లాసు కాదు, ఆ సందు. ఇవ్వడం మా పిల్లలకు తేలిగ్గానే వచ్చింది. చెయ్యి చాపి తీసుకోవడానికే ధైర్యం కావలసి వచ్చింది. ఆ ధైర్యం చేసిన పిల్లల మీద బడి తలుపు వేసింది.

చర్చి తరఫున బడిని నడిపించే కరస్పాండెంట్ గారూ, ఈ పత్రిక మీ ఆఫీసు బల్ల మీదికి వస్తుందని నాకు తెలుసు. నన్ను ఫోటోలో మళ్ళీ అతికించమని అడగడం లేదు. వాన కురిసే ఒక శనివారం పిల్లలను వెంటబెట్టుకుని ఆ సందుకు రండి. జోయెల్‌కు వచ్చిన జ్వరానికి ఆమె చేతికి సంబంధం లేదని మీ నోటితో యాదమ్మకు చెప్పండి. ఆమె పెడితే తినండి. నా మాట ఆమె నమ్మదు, మీరు వస్తేనే నమ్ముతుంది. వస్తారా, రారా? రానంటే ఆ మాటైనా ఆమె ఎదుటికి వచ్చి చెప్పండి. ఈసారి ‘చూద్దాం’ అనకండి. నాకు జవాబు కావాలి.