ఖాళీ కాగితం మీద ముద్ర

ఇన్‌షిరాహ్ మేడమ్‌కి ఎవరూ ఊరికే సలాం చెప్పరు. సలాం వెనక కాగితం ఉంటుంది, కాగితం వెనక తొందర ఉంటుంది. మా ఊరి సైన్స్ కళాశాల రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో, ఇరవై ఏడేళ్లుగా ఆవిడ గద్ద ముద్రకి, అంటే గద్ద బొమ్మున్న సర్కారు ముద్రకి, కాపలా. ఆ గుండ్రటి ముద్ర పడకపోతే మా ఈజిప్టులో పుట్టినవాడు పుట్టినట్టు కాదు, చచ్చినవాడు చచ్చినట్టూ కాదు. ముద్రని ఆవిడ పేరున రాసి అప్పగించారు. అది పోయినా, పడకూడని చోట పడినా జవాబు చెప్పుకోవలసింది ఆవిడే. అందుకే బీరువా తాళంచెవి మెడలో గొలుసుకి వేసుకుని తిరిగేది.

"ఏంటి మేడమ్, కొత్త నగా?" అని ఎదురు బల్ల గుమాస్తా రిఫాత్ ఏడిపించేవాడు.

"నగే. మా ఆయన చేయించలేకపోయాడు, సర్కారు చేయించింది. నీకేం, కడుపుమంటా?"

నోరు అలాంటిది మరి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు చొక్కా సర్దుకునేవారు. "సంతకం పక్కన తేదీ ఏదండీ? తేదీ వెయ్యడం రాకుండానే ఇంతవాళ్లయ్యారా?" అని అందరి ముందూ అడిగేసేది. అడిగాక టీ తెప్పించేది.

ఆవిడ పుట్టిందీ మెట్టిందీ ఇజ్బత్ షల్బీలోనే. కాలువ చివర, వరి పొలాల మధ్య, పదకొండు చేతిపంపులున్న పల్లె. భర్త మిత్వల్లీకి నలభై ఒకటో ఏట కిడ్నీలు పాడయ్యాయి. మూడేళ్లు, వారానికి మూడుసార్లు, మైక్రోబస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించుకొచ్చింది. నలభై నాలుగో ఏట అతను పోయాక పట్నానికి మకాం మార్చింది. తర్వాత తమ్ముడు అబ్దూ అదే దారిన పోయాడు. ఇప్పుడు అబ్దూ కొడుకు సబ్రీకి, ఇరవై ఆరేళ్లవాడికి, పొద్దున లేచేసరికి పాదాలు ఉబ్బుతున్నాయి. పల్లెలో తలో మాట. దిష్టి అన్నారు, పురుగుమందు అన్నారు, నీళ్లు అన్నారు. నీళ్లే అయితే ఏ పంపు నీళ్లు? అది చెప్పినవాడు లేడు.

అలాంటప్పుడు వచ్చింది హనాదీ. ముప్పై నాలుగేళ్ల లెక్చరర్, డాక్టరేట్ ఉంది కనుక అందరికీ డాక్టరమ్మ, పక్కా పట్నం పిల్ల. మొదటిరోజు సీసాల సంచీ భుజాన వేసుకుని పల్లెలో దిగితే, కరెంటు మీటర్లు చూసే మనిషనుకుని ఆడవాళ్లు తలుపులేసుకున్నారు. ఇన్‌షిరాహ్ ఆ శుక్రవారమే పిల్లని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "తలుపు తియ్యవే! బిల్లు కట్టమని రాలేదులే, రక్తం ఇమ్మని వచ్చింది. నీకు అదొక్కటే కదా మిగిలింది!" అంది. రెండున్నరేళ్లు అలా తిరిగారు. నెలకోసారి పదకొండు పంపుల నీళ్లు, ఆర్నెల్లకోసారి రెండొందల మంది రక్తం. అన్నీ కళాశాల నేలమాళిగలో, పెద్ద ఫ్రీజర్లో, పేర్లు రాసి దాచారు.

"కొన్ని పంపుల్లో ఏదో ఉంది పిన్నీ," అంది హనాదీ ఒకరోజు. "ఏదన్నదీ, ఏ పంపులన్నదీ సరైన పరీక్షలు చెయ్యకుండా చెప్తే అది సోది చెప్పినట్టే. ఆ పరీక్షలు చేయించగలిగితే ఒక్క ఏడాదిలో చెప్పేస్తాను."

విశ్వవిద్యాలయం ఇచ్చేది గాజు కుప్పెలు కడిగే సబ్బుకి చాలదు. ఉన్న దారల్లా బరమూనీ ఫౌండేషన్. బట్టల మిల్లులతో గడించిన ఒక పెద్దాయన పేరిట ఆయన పిల్లలు కైరోలో పెట్టిన సంస్థ. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసేవాళ్లకి రెండేళ్లపాటు డబ్బిస్తారు. కానీ కళాశాలకి ఒక్కటే దరఖాస్తు. పై పత్రం మీద గద్ద ముద్ర ఉండాలి. ముద్రతో ఏది ముందు చేరితే అదే, దాంతో ఆ ఏటికి ఆ కళాశాలకి తలుపు మూసేస్తారు. ఎవరి దరఖాస్తు పంపాలో తేల్చడానికి మా వాళ్లు రెండు పూటలు కొట్టుకు చచ్చి, చివరికి హనాదీ పేరు ఖాయం చేశారు. వైస్ డీన్ షౌకత్ గారు తన సూక్ష్మదర్శిని కోసం గట్టిగా పట్టుబట్టారు గానీ నెగ్గలేదు. నవ్వుతూ వచ్చి హనాదీకి శుభాకాంక్షలు చెప్పారు. ఆ నవ్వు ఎరిగినవాళ్లకి అదేమంత నచ్చలేదు.

గడువు గురువారం మధ్యాహ్నం రెండు గంటలు. ఇన్‌షిరాహ్ కంటిపొర ఆపరేషన్ బుధవారం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎనిమిది నెలలు కాచుకున్నాక వచ్చిన వంతు అది, వదులుకుంటే మళ్లీ ఎనిమిది నెలలు. హనాదీకేమో ఆరోగ్యశాఖ అనుమతి కాగితం ఒక్కటి రావాలి, అది గురువారం పొద్దునగానీ ఇవ్వమన్నారు. అనుమతి నంబరు పడందే పై పత్రం పూర్తికాదు. పోనీ ముద్రని ఇంకొకరికి అప్పగిద్దామా అంటే మూడు సంతకాలు, వారం రోజుల పని.

"ఖాళీ పత్రం మీద ముద్ర వేసిచ్చెయ్ పిన్నీ. గురువారం నేనే నింపుకుంటాను."

"నోరు ముయ్! ఇరవై ఏడేళ్లలో ఖాళీ కాగితం మీద ముద్ర వెయ్యలేదు నేను."

"అయితే ఈ ఏటికి ఇంతే," అని హనాదీ కుర్చీలో కూలబడింది.

మంగళవారం సాయంత్రం అందరూ వెళ్లాక ఇన్‌షిరాహ్ బీరువా తెరిచింది. వేసింది.  హనాదీ కాగితం అందుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఇది గది దాటడానికి వీల్లేదు డాక్టరమ్మా. ముద్ర ఉన్న ఖాళీ కాగితం వీధిలో తిరగకూడదు. గురువారం ఇక్కడికే వచ్చి, ఇక్కడే కూర్చుని నింపు."

"నా చేతికిస్తే ఏం పోతుంది?"

"నియమం పోతుంది."

రిఫాత్‌కి ఫోన్ చేసి, కాగితం అతని సొరుగులో పెట్టింది. "హనాదీకి తప్ప నిన్ను కన్నతండ్రి దిగొచ్చినా ఇవ్వకు," అంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. నియమం తప్పదలుచుకున్న మనిషి పూర్తిగా తప్పి ఊరుకోవచ్చు కదా! ఒక చేత్తో తప్పి, ఇంకో చేత్తో పాటించడం ఏమిటి? ఆ పిల్ల చేతిలో పెట్టి ఉంటే ఈ కథే లేదు.

శుక్ర, శని వారాల సెలవు అయ్యాక, ఆదివారం కంటికి గాజుగుడ్డ కట్టుకుని ఆవిడ ఆఫీసుకొచ్చింది. రిఫాత్ తల ఎత్తలేదు.

"ఏరా, డాక్టరమ్మ పని అయిందా?"

రిఫాత్ నీళ్లు నమిలాడు. చివరికి కక్కాడు. గురువారం తొమ్మిదింటికి వైస్ డీన్ గారొచ్చి, "బరమూనీ కాగితం నీ దగ్గరుందట, ఇటివ్వు. హనాదీ పని నేను చూస్తాను," అన్నారట. "టీ దగ్గర నేనే నోరు జారాను, అది ఆయన చెవిన పడింది. నా బదిలీ కాగితం ఆయన బల్ల మీదుంది మేడమ్. ఎదురెలా చెప్పను?" తొమ్మిదిన్నరకి సూక్ష్మదర్శిని దరఖాస్తు ఈమెయిల్‌లో కైరో చేరింది. పదకొండింటికి అనుమతి కాగితం పట్టుకుని హనాదీ మెట్లు ఎక్కొచ్చేసరికి ఫౌండేషన్ వాళ్లు మా కళాశాలకి తలుపు మూసేశారు.

ఇన్‌షిరాహ్ నేరుగా షౌకత్ గారి గదికి వెళ్లింది.

"దేవుడి దయ, కన్ను కుదుటపడిందా మేడమ్?"

"ఒక కంటితోనే బాగా కనిపిస్తున్నారండీ. ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోండి."

"ఎందుకూ? దాని మీద ముద్ర అసలైనదే కదా?"

"అసలైనదే."

"వేసింది మీరే కదా? మరి ఖాళీ కాగితం మీద వేశానని మీ నోటితో మీరే చెప్తారా? చెప్పండి, వింటారు. పింఛనుకి ఇంకెంత ఉంది, పద్నాలుగు నెలలేనా?"

ఆవిడ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. 

హనాదీయే సముదాయించింది. "వదిలెయ్ పిన్నీ. వచ్చే ఏడు మళ్లీ పెడతాను. అంతదాకా ఫ్రీజర్ నాకే ఉంచుతామని డీన్ గారు మాటిచ్చారు. నమూనాలకేం కాదు."

"నమూనాలకి కాదు. సబ్రీకి?"

 రెండురోజులు ఇన్‌షిరాహ్‌కి అన్నం సయించలేదు. మూడోరోజు ఎవరికీ చెప్పకుండా, హనాదీకి కూడా చెప్పకుండా, కైరో రైలెక్కింది. ఫౌండేషన్ కార్యాలయంలో టై కట్టుకున్న కుర్రాడొకడు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చెప్పిందంతా విన్నాడు. చెప్పింది రాసివ్వమన్నాడు. ఆవిడ రాసిచ్చింది: ముద్ర ఖాళీ కాగితం మీద వేశాను, తప్పు నాది, ఆ కాగితం హనాదీ కోసం, షౌకత్ గారిది దొంగ దరఖాస్తు, దాన్ని కొట్టేసి మా పిల్లది తీసుకోండి. సంతకం పెట్టింది, పక్కన తేదీ వేసింది.

"మీలాంటి నిజాయితీ అరుదమ్మా," అన్నాడు కుర్రాడు.

పిచ్చి తల్లి పొంగిపోయింది. వచ్చేటప్పుడు స్టేషన్లో బస్బూసా మిఠాయి కొని తెచ్చి, ఎందుకో చెప్పకుండా హనాదీ నోట్లో తనే ఓ ముక్క పెట్టింది. ఉద్యోగం పోతే పోయింది, పంపు పేరు తెలుస్తుంది, అంతే ఆవిడకి కావలసింది.

ఇరవై ఆరు రోజులకి ఉత్తరం వచ్చింది. షౌకత్ గారి దరఖాస్తు రద్దు. అంతవరకూ ఆవిడ కోరినట్టే ఉంది. కింద ఇంకో పేరా ఉంది. ముద్ర కాపలాదారే ఖాళీ కాగితం మీద ముద్ర వేశానని ఒప్పుకున్నందున, ఈ కళాశాల ముద్రని ఫౌండేషన్ ఇక నమ్మలేదు, కనుక అయిదేళ్లపాటు ఇక్కడినుంచి ఎవరి దరఖాస్తూ స్వీకరించదు.

విచారణ జరిగింది. కాపలాదారు ముద్ర వేసి ఉంచిన కాగితం తన చేతికొచ్చిందని షౌకత్ గారు చెప్పి, చిన్న మందలింపుతో బయటపడ్డారు. ఇన్‌షిరాహ్ మెడలో తాళంచెవి తీయించుకున్నారు. ఇంట్లో కూర్చోమన్నారు, పింఛనులో కోత పెట్టారు. అయిదేళ్లదాకా డబ్బు రాని పనికి ఫ్రీజర్ దేనికని దాన్ని వేరే విభాగానికి ఇచ్చేశారు. మాటిచ్చిన డీన్ గారే సంతకం పెట్టారు. రెండున్నరేళ్ల సీసాలని బండిలో వేసి కాల్చడానికి పంపారు. ఆ రోజు హనాదీ ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక్కటే అడిగింది.

"నన్నొక్క మాట అడిగి వెళ్లకూడదా పిన్నీ?"

ఆ తర్వాతి శుక్రవారం ఇన్‌షిరాహ్ ఇజ్బత్ షల్బీలో మైక్రోబస్సు దిగింది. నెలలో మొదటి శుక్రవారం. అలవాటుకొద్దీ ఆడవాళ్లు సీసాలు నింపి, పేర్లు రాసి, అరుగు మీద పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"డాక్టరమ్మ రాలేదేం వదినా?" అంది సబ్రీ తల్లి. "పోయిన నెల సీసాలు కూడా అలాగే ఉన్నాయి."

"ఇక రాదు. సీసాలు పారబోయండి. నా వల్లే రాదు." ముద్ర గురించీ, ఉత్తరం గురించీ, కాల్చేసిన రక్తం గురించీ నిలబడే చెప్పింది. 

సబ్రీ తల్లి అంతా విన్నది. ఎంత అర్థమైందో తెలియదు. "ఆ గొడవంతా నాకెందుకు గానీ వదినా, ఏ పంపు మంచిదో ఆ ఒక్క ముక్కైనా చెప్పిందా? ఎంత దూరమైనా సరే, దాని నీళ్లే మోసుకొచ్చి వాడికి పోస్తాను."

"చెప్పలేదు."

"నువ్వు అడగలేదా?"

"అడిగాను. పరీక్షలయితేగానీ తెలియదంది."

లోపలినుంచి సబ్రీ నీళ్లడిగాడు. సబ్రీ తల్లి చెంబు తీసుకుని గుమ్మం పక్కనున్న పంపు దగ్గరికి నడిచింది. ఇన్‌షిరాహ్ ఆగమనబోయింది. కానీ దీన్ని వదిలి ఏ పంపుకి వెళ్లమనాలో తెలియలేదు. సబ్రీ తల్లి పంపు కొట్టడం మొదలుపెట్టింది.